జాజు తుడవని రోజు

చర్మం డాక్టరుగా ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. మొదట ఎమ్మిగనూరులో, ఆ తర్వాత చాలా కాలం ఆదోనిలో, అన్నీ సర్కారు ఉద్యోగాలే. రిటైరై ఏడాది దాటింది. ఇప్పటికీ బస్సులో పక్కనున్న ఆవిడ మోచెయ్యి గోక్కుంటే నా కళ్ళు అటే పోతాయి. వెంటనే నామీద నాకే విసుగు పుడుతుంది. ఇంకా ఏం చూడాలని, చాల్లే అనుకుని కిటికీ వైపు తిరుగుతాను.

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు డాక్టర్లు ఇంటికి వచ్చి, మీ అనుభవం నాలుగు మాటలు చెప్పండి మేడం అన్నారు. టీ ఇచ్చి, బిస్కెట్లు పెట్టి పంపేశాను. చెప్పడానికేమీ లేక కాదు. చెప్పాల్సింది ముఖ్యంగా ఒకటే ఉంది. దాన్ని టీ తాగుతూ నవ్వుతూ చెప్పడం నాకు చేతకాలేదు. అందుకని రాస్తున్నాను.

మా పని అసలు ఎలా ఉంటుందంటే

పుస్తకాల్లో రంగురంగుల ఫొటోలు చూసి చర్మవ్యాధుల విభాగంలోకి వచ్చే పిల్లలకు ముందుగా ఒక మాట. ఆ ఫొటోల్లో ఉన్నట్టు రోగి మీ ముందు నిలబడడు. మా ఆదోని ఓపీలో పొద్దున తొమ్మిదికి తలుపు తీస్తే మధ్యాహ్నానికి వంద మందికి పైగా చూడాలి. సగం గజ్జి, తామర. తామరకు మెడికల్ షాపులో ఎవరో ఇచ్చిన ట్యూబు పూసి పూసి, అది ఒళ్ళంతా పాకిన తర్వాత వస్తారు. పత్తి చేలల్లో పనిచేసే మగవాళ్ళు వయ్యారిభామ మొక్క పడక మెడలు, కనురెప్పలు నల్లబడి గరుకెక్కి వస్తారు. మందు రాసిస్తాం, తగ్గుతుంది, మళ్ళీ అదే చేనుకు పోతారు, మళ్ళీ వస్తారు. చేనుకు పోవద్దని చెప్పడానికి నోరెలా వస్తుంది?

ఇంకొకటి, మా దగ్గరికి ఎవరూ ఉత్త చర్మంతో రారు. దానిమీద ఏదో ఒక పూత ఉంటుంది. పసుపో, సున్నమో, వేపాకు ముద్దో, పళ్ళు తోముకునే పేస్టో. వీటన్నిటికన్నా మా వైపు ఎక్కువగా చూసేది జాజు, అంటే ఎర్రమన్ను. నడుము చుట్టో ఛాతీ మీదో మంటతో నీటి పొక్కులు వరుసగా లేస్తే దాన్ని అక్కి అంటారు. అక్కి వస్తే కుమ్మరి ఇంటికి పోయి రాయించుకోవాలి. ఆయన జాజు కలిపి పొక్కుల మీద సింహం బొమ్మ గీస్తాడు. మూడు పొద్దులు రాయాలి, అంతవరకు నీళ్ళు తగలకూడదు. కొత్తలో నాకు ఆ ఎర్రరంగు చూస్తేనే కోపం వచ్చేది. తర్వాత కోపం తగ్గి, పట్టించుకోవడం మానేశాను. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదమని అప్పుడు నాకు తెలియలేదు.

వరండాలో చూసే పెద్దాయన

ఎమ్మిగనూరులో నా మొదటి పైఅధికారి ముక్కోపి. పేరెందుకులే, ఆయన ఇప్పుడు లేడు. గదిలో ట్యూబులైటు కింద రోగిని చూస్తే ఒప్పుకునేవాడు కాదు. చెయ్యి పట్టుకుని వరండాలోకి, వెలుతురులోకి లాక్కుపోయేవాడు. ఒకసారి ఒక నేతకార్మికుడు ముంజేతి మీద పాలిపోయిన మచ్చతో వచ్చాడు. రంగుల పని చేసే చేతులు కదా, రసాయనాలు పడలేదని నేను ఆయింట్‌మెంటు రాసి చీటీ చేతిలో పెట్టాను. పెద్దాయన ఆ చీటీ చూసి, ఆ మనిషిని వరండాలో నిలబెట్టి, కళ్ళు మూసుకోమని, దూది పోగుతో ఆ మచ్చ మీద తాకాడు. తాకినట్టు అతనికి తెలియనే లేదు. అది కుష్ఠు మచ్చ. తొలి దశలో దొరికింది కాబట్టి మందులతో చేతులు నిలిచాయి.

ఆ రోజు అందరి ముందే నన్ను కడిగేశాడు. రోగి చెప్పిన వృత్తిని చూశావు, వాడి చెయ్యి చూడలేదు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మంచి మాటను మంచిగా చెప్పడం ఆయనకు రాదు. ఆయన దగ్గర నేను రెండూ నేర్చుకున్నాను, చూడటమూ, అందరి ముందు తిట్టడమూ. వయసు పైబడేకొద్దీ మొదటిది తగ్గి రెండోది మిగిలింది.

సముద్రం నుంచి వచ్చిన సుంకన్న

ఇప్పుడు అసలు సంగతి. నేను రిటైరయ్యేందుకు ఇంకా రెండేళ్ళున్నప్పటి మాట. ఒక సోమవారం, పదకొండు గంటలప్పుడు, సుంకన్న అనే మనిషి భార్య గోవిందమ్మతో కలిసి ఓపీకి వచ్చాడు. పెద్దకడుబూరు మండలంలో ఒక పల్లె వాళ్ళది. వానలు లేని ఏడాది ఇళ్ళకు తాళాలేసి సుగ్గికి, అంటే దూరప్రాంతాల పనులకు, పోయే ఊళ్ళు అవి. సుంకన్నకు ముప్పై నాలుగేళ్ళు. కర్ణాటక కోస్తాలో బిల్డింగు పనికని పోయి, అక్కడ టూరిస్టులను సముద్రంలో ముంచి చూపించే ఒక పడవ యజమాని దగ్గర కుదిరాడు. మొదట గాలి సిలిండర్లు మోసేవాడు. చిన్నప్పుడు బావుల్లో ఈత నేర్చినవాడు కాబట్టి తర్వాత తనూ సిలిండరు తగిలించుకుని మునగడం నేర్చాడు. నేర్పవలసిన పద్ధతిలో ఎవరూ నేర్పలేదు.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ పొద్దున నేను చూసింది వేరు. చొక్కా విప్పితే పొట్ట మీద, ఛాతీ మీద, భుజాల దాకా జాజు. అదీ ఎండి పెళుసుబారిన జాజు. ఎంత విసుగొచ్చిందో చెప్పలేను. అప్పటికి డెబ్బై మందిని చూసి ఉంటాను.

"ఏమప్పా, అక్కి రాయించుకున్నవాడివి మళ్ళీ ఇక్కడికెందుకు వచ్చినావు?" అన్నాను.

తను సముద్రంలో మునిగే పని చేస్తాననీ, నిన్న మధ్యాహ్నం పైకి వచ్చినప్పటినుంచి ఒళ్ళు ఒకటే దురద, భుజం లోపల పోటు అనీ అతను చెప్పబోయాడు. ఉప్పునీళ్ళకు దురద రాక ఏమొస్తుంది, సిలిండర్లు మోస్తే భుజం నొప్పి రాక ఏమొస్తుంది అని అతని వాక్యాలన్నీ నేనే పూర్తి చేశాను. గోవిందమ్మ అప్పటికే కొంగు కొన తడిపి పట్టుకుని ఉంది.

"తుడిసేదా అమ్మా?" అని అడిగింది.

వద్దులే అన్నాను. తుడిస్తే గదంతా ఎర్రమన్ను, మళ్ళీ ఊడ్చాలి, బయట ముప్పై మంది. దురద తగ్గే సూది మందు, పూసుకునే లోషను రాసిచ్చాను. రెండు నిమిషాలు కూడా పట్టి ఉండదు. వెళ్తూ అతను గుమ్మం పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. తల తిరిగిందో, ఇంకా ఏదైనా చెప్పాలనుకున్నాడో. తర్వాతి మనిషిని రమ్మని గంట కొట్టాను.

సాయంత్రం

అయిదు గంటలకు వాళ్ళే ఆటోలో తిరిగొచ్చారు. ఈసారి సుంకన్నను ఇద్దరు మోసుకొచ్చారు. మధ్యాహ్నం నుంచి కాళ్ళు తిమ్మిరెక్కి, తర్వాత బలమే లేకుండా పోయిందట. ఒంటికి పోవడం కూడా కాలేదట. బల్లమీద పడుకోబెట్టి, తడి దూదితో జాజు తుడవడం మొదలుపెట్టాను.

జాజు కింద పొక్కులు లేవు. ఒక్కటి కూడా లేదు. తెల్లటి పాలరాతిలో నీలి చారలుంటాయే, అట్లా చర్మం నిండా ఎర్రగా ఊదాగా వల అల్లినట్టు మరకలు. దీన్ని నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. చదువుకునే రోజుల్లో పుస్తకంలో ఒక పేరా చదివినట్టు గుర్తు, అంతే. కానీ ఇది దురద జబ్బు కాదని మాత్రం ఎవరికైనా తెలుస్తుంది. పొద్దున తుడిచి ఉంటే నాకూ తెలిసేది.

విశాఖపట్నంలో నా క్లాస్‌మేట్ ఒకాయన నేవీలో డాక్టరుగా చేసి మానేశాడు. ఆయనకు ఫోన్ చేశాను. ఆయన నన్ను మూడే అడిగాడు. ఎంత లోతు, ఎన్నిసార్లు, మునిగాక ఎక్కడికి పోయాడు అని. నేను పొద్దున అడగాల్సినవి ఆ మూడే. లోతెంతో సుంకన్నకు సరిగ్గా తెలియదు, మిగతాది పడుకునే చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం పడవ లంగరు రాళ్ళలో ఇరుక్కుంటే దాన్ని విడిపించడానికి నాలుగుసార్లు దిగాడు. చివరిసారి గాలి అయిపోవస్తుంటే తొందరగా పైకి వచ్చేశాడు. మంగళవారం ఊళ్ళో దేవర, అంటే అమ్మవారి జాతర, ఉంది కాబట్టి ఒళ్ళు ఆరీ ఆరకముందే బస్సెక్కి, ఘాట్ ఎక్కి, హుబ్బళ్ళి, బళ్ళారి మీదుగా పొద్దునకు ఇంటికి చేరాడు. దురద బస్సులోనే ఎక్కువైందట.

మా క్లాస్‌మేట్ ఫోన్‌లో తిట్టలేదు. ఆక్సిజన్ పెట్టు, వెల్లకిలా పడుకోబెట్టు, సెలైన్ ఎక్కించు, ప్రెషర్ చాంబర్ ఉన్న చోటికి వెంటనే పంపు అన్నాడు. ఆక్సిజన్ పెట్టాం. బెంగళూరులో ఒక ఆస్పత్రి ఒప్పుకునేదాకా ఫోన్లు చేస్తూనే ఉన్నాను.

అంబులెన్సు కోసం చూస్తున్నప్పుడు నేను చేసిన పని ఇది. బయట వరండాలో జనం నిండా ఉన్నారు. గోవిందమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నేను బయటికి వచ్చి అందరూ వినేటట్టు ఆమె మీద నోరు పారేసుకున్నాను.

"అక్కి అక్కి అని మన్ను పూయించుకుని తిరిగితే ఇదే అవుతుంది. నీ మొగుని కాళ్ళు పోతే నీవల్లే పోయినట్టు" అన్నాను.

తుడిచేదా అని పొద్దున నన్ను అడిగిన మాట ఆమె ఎత్తలేదు. బహుశా మర్చిపోయిందేమో అని ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నాను. నేను మర్చిపోలేదు.

దురద ఎప్పుడు ఉత్త దురద కాదు

ఇప్పుడు మా వైపు పిల్లలు కూడా సెలవుల్లో గోవాకూ మురుడేశ్వరానికీ పోయి సముద్రంలో మునిగి ఫొటోలు పెడుతున్నారు. కాబట్టి ఇది మీ ఓపీకి కూడా వస్తుంది. మునిగి వచ్చాక దురద రావడం మామూలే. చాలావరకు భయపడాల్సింది కాదు. రబ్బరు సూటు ఒరిసిన చోట, నడుము పట్టీ దగ్గర, మెడ దగ్గర దద్దు వస్తే సూటు పడలేదని అర్థం. కంటికి కనబడనంత చిన్న జీవులు బట్టల్లో చిక్కుకుని కుడితే, బట్ట కప్పిన మేరకే ఎర్రటి పొక్కులు లేస్తాయి. జెల్లీ చేప తగిలితే కొరడాతో కొట్టినట్టు గీతలు పడతాయి. పగడపు రాయి గీసుకుంటే మంచినీళ్ళతో బాగా కడగాలి. అది వాచి, చీము పట్టి, జ్వరం వస్తే ఇంట్లో కూర్చోకూడదు. పెదవులు వాచినా, ఆయాసం వచ్చినా క్షణం ఆగకూడదు.

సుంకన్నకు వచ్చింది వేరే. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉంటుంది. నిదానంగా పైకి వస్తే నిదానంగా బయటికి పోతుంది. తొందరపడితే సోడా బుడ్డి మూత తీసినట్టు లోపలే బుడగలు కడుతుంది. మునిగిన కొద్ది గంటలకే కొండ ఎక్కినా, విమానం ఎక్కినా బుడగలు ఇంకా పెద్దవవుతాయి. ముందుగా కనబడేది చాలాసార్లు చర్మం మీదే. కాబట్టి మునిగిన ఒకటి రెండు రోజుల్లోపు పొట్ట మీద, భుజాల మీద, తొడల మీద ఊదారంగు వల లాంటి మరకలొస్తే దాన్ని దురద అనకండి. దానితో పాటు కీళ్ళలో పోటు, తిమ్మిరి, తల తిరగడం, ఒంటికి పోలేకపోవడం, వీటిలో ఏది ఉన్నా లోషను రాయకండి. పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టి, తెలిసినవాళ్ళకు ఫోన్ చేయండి. తెలియదని చెప్పుకోవడానికి సిగ్గుపడకండి. ఆలస్యమైనా సరే పంపండి, ఎంతో కొంత దక్కుతుంది.

సుంకన్నకు అట్లాగే ఎంతో కొంత దక్కింది. గాలి ఒత్తిడి పెంచి బుడగలను కరిగించే ఆ చాంబరులో చాలాసార్లు పెట్టారట. కుడికాలు వచ్చింది. ఎడమకాలు ఈడ్చుకుంటూ, కర్ర పట్టుకుని నడుస్తాడు. పాదాల్లో స్పర్శ లేదు. ఇప్పుడు ఎమ్మిగనూరులో బంధువుల మగ్గం దగ్గర కూర్చుని కండెలు చుడతాడు.

కుమ్మరి నాగప్ప చెప్పింది

అతను బెంగళూరులో ఉండగానే నేను ఆ అక్కి రాసిన నాగప్ప ఇల్లు వెతుక్కుంటూ పోయాను. నాలుగు దులిపి రావాలని పోయాను, దాచడం ఎందుకు. డెబ్బై దాటిన మనిషి. నేనెవరో చెప్పగానే లేచి నిలబడి కుర్చీ తుడిచి వేశాడు. నేను అరుస్తున్నంతసేపూ విని, చివర ఇంత మాత్రం అన్నాడు.

"నేను సూసినానమ్మా. అక్కికి నీళ్ళ గుల్లలుండాల, వానికి ల్యాకపాయె. ఇది అక్కి కాదు, పెద్దాస్పత్రికి పోండని నేనే పంపిస్తి. ఆయమ్మ ఏడుస్తాంటే మనసు నిలుపుదామని రాసినా, అంతే."

చదువురాని కుమ్మరి ఆ చర్మాన్ని చూశాడు, అక్కి కాదన్నాడు, నా దగ్గరికి పంపాడు. గోవిందమ్మ ఆ మాట విని నేరుగా నా దగ్గరికే తీసుకొచ్చింది. మధ్యలో గంట కూడా పోలేదు. నాగప్ప మజ్జిగ ఇస్తే తాగకుండా వచ్చేశాను. తాగడానికి మొహం చెల్లలేదు.

అప్పుడైనా గోవిందమ్మకు చెప్పి ఉండాలి. చెప్పలేదు. ఆమె కనబడితే చెబుదామనుకున్నాను, కనబడినప్పుడు ఇంకోసారి చూద్దామనుకున్నాను. పెద్ద తప్పులు చేసిన డాక్టర్లను చాలామందిని చూశాను. తప్పు కన్నా, ఆ తర్వాత చేసే ఈ వాయిదాలే మనిషిని ఎక్కువ పాడు చేస్తాయి. నేను రెండేళ్ళు అట్లాగే గడిపాను.

గోవిందమ్మ

నా సర్వీసు ఇక మూడు వారాలుందనగా సుంకన్న మడమ మీద పుండుతో వచ్చాడు. స్పర్శ లేని పాదానికి చెప్పు కరిచింది. కట్టు నేనే కట్టాను. గోవిందమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఎప్పుడూ నా గదిలోకి రాదు.

కట్టు కడుతుంటే అతను మెల్లగా అడిగాడు. "ఆ పొద్దున్నే నన్ను పంపింటే ఈ కాలు కూడా వచ్చుండునా అమ్మా?"

రెండేళ్ళుగా ఈ ప్రశ్న ఎప్పుడొస్తుందా అని భయపడ్డాను. వచ్చి ఉండేదేమో, ఖాయంగా చెప్పలేను అన్నాను. ఆ రోజు నేను తుడిచి చూడలేదనీ, నీ మాట చివరిదాకా విననే లేదనీ, తప్పు నాదేననీ చెప్పాను. చెబుతున్నప్పుడు అతని మొహంలోకి చూడలేక కట్టు వైపే చూస్తున్నాను.

అతనికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"నాకు సెప్పి ఏం లాభమమ్మా. గోవిందికి సెప్పండి. అక్కి రాపిచ్చి నీ కాళ్ళు తీసినానని రెండేండ్లుగా తన్ను తాను తిట్టుకుంటాంది. నేను కాదంటే ఇనదు. డాక్టరమ్మే సెప్పింది కదా అంటాది."

ఆమెను లోపలికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, కూర్చోమన్నాను. కూర్చోలేదు. చెప్పాను. నాగప్ప దగ్గరికి నేను పోయిన సంగతి కూడా చెప్పాను. నీ తప్పు ఏమీ లేదు గోవిందమ్మా, నువ్వు తుడిచేదా అని అడిగినావు, వద్దన్నది నేను అన్నాను. క్షమించమని అడిగాను.

ఆమె నా బల్ల మీదున్న దూది డబ్బా వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఆ పొద్దు అంతమంది ముందర నన్నంటిరి. ఈ పొద్దు తలుపేసి సెప్తాండారు" అంది.

నేను లేచి తలుపు తీశాను. వరండాలో ఓపీ జనం నలభై మంది దాకా ఉన్నారు. గోవిందమ్మను పక్కన నిలబెట్టుకుని, ఈమె భర్త కాలు పోయింది నావల్ల, ఈమె వల్ల కాదు, ఆ రోజు ఈమెను నేను అన్యాయంగా తిట్టాను అని గట్టిగా చెప్పాను. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఏదో ఆస్పత్రి ప్రకటన అనుకున్నట్టున్నారు. ఎవరో తన నంబరు ఎప్పుడు పిలుస్తారని అడిగారు. ఆ రోజు నేను తిడుతుండగా విన్నవాళ్ళు వాళ్ళలో ఒక్కరూ లేరు. అది గోవిందమ్మకు నాకన్నా ముందే తెలిసినట్టుంది. ఆమె సుంకన్న కర్ర అందుకుని అతని చేతికిచ్చింది, ఎమ్మిగనూరు బస్సుకు టైమైందని చెప్పి అతన్ని నడిపించుకుంటూ వెళ్ళిపోయింది.